ఇరవై ఏడు శాతం దగ్గర ఆగిన ఇంటిపేర్లు

కంప్యూటర్ మీద చెంగల్రాయలు కష్టపడి సాధించిన మొదటి గెలుపు ఒక్క మాట పొడవు. 2011లో, తమిళనాడులోని గుడియాత్తంలో తన పిండిమర వెనక గదిలో, పదకొండు రోజులు రెండు చూపుడువేళ్ళతో మీటలు నొక్కి నొక్కి, పన్నెండో రోజు పొద్దున కంప్యూటర్ తెర మీద తన ఇంటిపేరును తెలుగు అక్షరాల్లో నిలబెట్టారు. ఏటిగడ్డ. ఆ చివరి అక్షరం కుదరకనే నాలుగు రోజులు పోయాయి. నేర్పిన గురువు లేడు. అప్పటికి ఆయన వయసు యాభై ఏడు. భార్య సుబ్బమ్మను కేకేసి చూపించారు. ఆమె తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో చాలామంది అంతే, బడిలో చదివింది అరవం.

"బొమ్మ బాగుండాది," అంది సుబ్బమ్మ.

ఆ రోజంతా ఆయన ఆమెతో మాట్లాడలేదు.

చెంగల్రాయలు అల్లాటప్పా మనిషి కాదు. మేల్పాడి బడిలో ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివిన ఆఖరి జట్టులో ఆయనది మొదటి ర్యాంకు. పందొమ్మిదో ఏట ఆ ఊరి బావుల్లోకి మొట్టమొదటి కరెంటు మోటారు దింపించింది ఆయన. గుడియాత్తానికి వచ్చి పిండిమర పెట్టినప్పుడు, రాళ్ళకు గాట్లు కొట్టే పనివాడు మూడు రోజులు మొహం చాటేస్తే, తనే ఉలి పట్టి రెండు రాళ్ళకూ గాట్లు పెట్టుకున్నారు. ఆ మరలో ఆడిన రాగిపిండి కోసం నాలుగు వీధుల అవతలి నుంచి మనుషులు వచ్చేవారు. అడిగినవారికీ అడగనివారికీ చెప్పదగ్గ సంగతులే ఇవన్నీ.

అయితే వాటన్నిటినీ మించినది ఇంటిపేర్ల పుస్తకం. వందల ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కాగితాల మీద ఇంటిపేర్లు పోయి, పొడి అక్షరాలు మిగిలాయి. సి. అంటే ఏమిటో, పి. అంటే ఏమిటో మనవళ్ళకు తెలియదు. ఎవరు ఎవరికి దాయాదులో, ఎవరితో వియ్యమందవచ్చో చెప్పగల ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆ సంగతి తోచిన నాటినుంచి చెంగల్రాయలు చేతిసంచీలో నోటుపుస్తకం వేసుకుని కావేరిపాక్కం, మేల్పాడి, జోలార్పేట అంటూ బస్సులెక్కి తిరిగారు. ఇంటికి పోయి కూర్చోవడం, ఇంటిపేరు, కులదైవం, ఏ ఊరినుంచి వచ్చారు, ఎన్ని తరాలు అని అడిగి రాసుకోవడం, తిరిగి వచ్చి కంప్యూటర్లో ఎక్కించడం. పద్నాలుగేళ్ళలో ఆరువందల నలభై ఇళ్ళు. మేల్పాడి ధనమ్మ తొంభై ఒకటో ఏట, కళ్ళు మూసుకుని, తన పుట్టింటివాళ్ళ తొమ్మిది తరాలను ఒక్క ఊపున అప్పజెప్పింది. మరుసటి నెల ఆమె పోయింది.

నోటుపుస్తకాలను మర గదిలో చెదలు తినేశాయి. పోతే పోనీ, అంతా కంప్యూటర్లో ఉంది గదా అనుకున్నారు. ఇంకో చోట కూడా ఒక నకలు దాచమని కొడుకు దినకర్ చాలాసార్లు చెప్పాడు. చిటికెనవేలంత పెన్‌డ్రైవు తెచ్చి ఇచ్చాడు కూడా.

"ఆరువందల ఇండ్లను జేబులో ఏసుకోని తిరగమంటావా? యాడన్నా జారిపోతే నువ్వు పోయి ధనమ్మను లేపి అడగతావా?" అని ఆయన దాన్ని తిరిగి ఇచ్చేశారు.

2025 అక్టోబరు ఒకటి, బుధవారం, ఆయుధపూజ. పొద్దునే మర కడిగారు, మరను తిప్పే పట్టాలు తుడిచారు, మోటారుకు చందనం పూసి కుంకుమ పెట్టారు. కంప్యూటరు పెట్టెకూ చందనం, కుంకుమ. దాని ముందర బొరుగులు, శనగలు, నిమ్మకాయ. పదకొండు గంటలకు, ఎవరూ అడగకుండా, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ మొదలైంది. నెల రోజులుగా అది వస్తానంటోంది, ఆయన "తర్వాత" అన్న మీట నొక్కుతున్నారు. ఈసారి అడగలేదు. తెర నీలంగా మారి, అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటరు ఆపవద్దు అని ఇంగ్లీషులో రాసింది. ఎనిమిదో తరగతి ఇంగ్లీషుకు ఆ మాత్రం అర్థమవుతుంది.

"ఇల్లు నాది, పెట్టె నాది, ఆపొద్దని చెప్పేదానికి వీడెవడు?" అన్నారు చెంగల్రాయలు.

పన్నెండింటికి రాహుకాలం. ఆలోపల హారతి అయిపోవాలి. పదకొండూ యాభైకి తెర మీద ఇరవై ఏడు శాతం. దినకర్ వీధిలో గుమ్మడికాయ కొట్టడానికి నిలబడ్డాడు. సుబ్బమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. చెంగల్రాయలు నాయన కాలంనుంచీ ఆ ఇంటి ఆచారం ఒకటే: హారతి ఎత్తేటప్పుడు ఒక్క చక్రం తిరగకూడదు, విజయదశమి పొద్దు దాకా మిషన్లకు విశ్రాంతి. మరకూ వెనక గదికీ ఒకటే మెయిన్. చెంగల్రాయలు బొటనవేలితో దానికి కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి, పిడి కిందికి లాగేశారు. తెర ఆరిపోయింది. సుబ్బమ్మ హారతి ఎత్తింది.

మరునాడు పొద్దున కర్పూరం వెలిగించి మెయిన్ ఎత్తి, కంప్యూటర్ వేశారు. ఇరవై ఏడు శాతం. కాఫీ తాగి వచ్చారు. ఇరవై ఏడే. కాసేపటికి నల్లబడి, దానంతటదే మళ్ళీ లేచి, మళ్ళీ ఇరవై ఏడు దగ్గర కూర్చుంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి నాలుగుసార్లు అదే వరస. చెంగల్రాయలు కుర్చీ దిగలేదు. అడగకుండా లోపలికి వచ్చి, చాప పరుచుకుని, ఇంటివాణ్ణే గుమ్మంలో నిలబెట్టిన చుట్టంలా ఉంది ఆ తెర. పద్నాలుగేళ్ళు బస్సుల్లో నలిగి తెచ్చిన ఆరువందల నలభై ఇళ్ళు దాని వెనక ఉన్నాయి.

దినకర్ వచ్చి చూశాడు.

"నాయనా, నిన్న మెయిను దించేటప్పుడు ఇది నడస్తా ఉండిందా?"

"నేను ఈడనే ఉండాను గదప్పా. నడస్తా ఉంటే దించతానా?" అన్నారు చెంగల్రాయలు.

గుమ్మంలో నిలబడిన సుబ్బమ్మ ఆయన మొహంలోకి చూసి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఏళుమలై వచ్చాడు. బజారులో సెల్‌ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే నలభై ఏళ్ళ మనిషి. ప్రింటరు తీగ పీకాడు, మిగతా తీగలన్నీ పీకాడు. మీట గట్టిగా నొక్కి పట్టి ఆపి, మళ్ళీ వేశాడు. ఇరవై ఏడు. ఇంకేదో తెరవబోతే అది తెరుచుకోలేదు. అతనికి తెలిసిన తెలుగు కొంచెమే, అరవం కలిపి మాట్లాడాడు.

"పెరియవరే, ఫార్మాట్ పోట్టుడలామ్. అంతా తుడిచేసి కొత్తగా ఏస్తాను. గంటలో అయిపోతుంది."

"తుడిచేస్తే లోపల ఉండేది?"

"అది పోతుంది. ఏముండాది లోపల? ఫోటోలా?"

చెంగల్రాయలు లేచి నిలబడ్డారు. "మీ తాతకు తాత పేరు చెప్పు."

ఏళుమలై దినకర్ వైపు చూశాడు.

"తెలవదు గదా. నా పెట్టెలో ఆరువందల ఇండ్లవాళ్ళ తాతల తాతలుండారు. వాళ్ళను తుడిచేసేదానికి గంట చాలంటావు. నువ్వు పోయిరాప్పా."

శుక్రవారం పొద్దున ఆయన ఒక్కరే బయల్దేరారు. దినకర్ తోడు వస్తానంటే, మరకు జనం వస్తారు ఉండమన్నారు. పెట్టెను పాత పంచెలో మూట కట్టి, వేలూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దారిలో పళ్ళికొండ దాకా అప్‌డేట్ పంపినవాణ్ణి తిట్టుకున్నారు. ఆ తర్వాత ఏళుమలైని. సంతకం పెట్టించుకోకుండా పొలంలో గట్టు కూడా తియ్యరే, మనిషి ఇంట్లో ఉండగానే అతని పెట్టెలో చెయ్యి పెట్టి కెలకడానికి వీళ్ళకు ఎవరిచ్చారు హక్కు? ఇరవై ఏడు చేసి ఎందుకు ఆగాలి? చేతగానివాడు మొదలుపెట్టడం దేనికి? ఒక్క విషయం మాత్రం ఆయన దారంతా తలవలేదు.

వేలూరు పాత బస్టాండు వెనక సందులో, కంప్యూటర్లు బాగుచేసే డానియల్ అంగడి. యాభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పుట్టి పెరిగింది గుడియాత్తంలో, తెలుగువాళ్ళ వీధిలో. మూట విప్పి పెట్టెను బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆన్ చేసి, దానికి చెవి ఆనించి విన్నాడు. లోపలి డిస్కు పనిచేస్తోందని చెప్పే ముందరి చిన్న దీపం వెలగకుండా ఉండడం చూసి వెంటనే ఆపేశాడు.

"పెద్దాయనా, అప్‌డేట్ నడస్తా ఉన్నప్పుడు కరెంటు పోయిందా?"

"పోలేదు."

"ఎవరన్నా ఆపినారా?"

"మా ఇంట్లో అట్లాంటి పని ఎవరూ చెయ్యరు. 1973లో మేల్పాడిలో మొదటి మోటారు పెట్టించినవాణ్ణి నేను. కరెంటు సంగతి నాకు తెలీదనా?"

డానియల్ తల ఊపి, స్క్రూ విప్పే పనిముట్టును పక్కన పెట్టేశాడు. "అయితే డిస్కే చెడిపోతా ఉండాదేమో. అట్లైతే నేను ముట్టుకోను. తిప్పేకొద్దీ లోపల ఉండేదాన్ని గీకేస్తుంది. మద్రాసుకు పంపాల. డిస్కును విప్పి తీసేవాళ్ళు ఉండారు ఆడ. నెల పడుతుంది. వస్తుందో రాదో చెప్పలేము."

"ముట్టుకోకుండానే ఎట్ల చెప్తావు?"

"మీరు చెప్పినదాన్ని బట్టి చెప్తా ఉండాను. మధ్యలో కరెంటు పోయింటే దారి వేరే. డిస్కు బాగుంటుంది, సగం చేసిన పని దానికి అడ్డం పడి ఉంటుంది. దీన్ని ఊడదీసి నా మిషనుకు తగిలించి, ముందు మీది అంతా నకలు తీసుకుంటాను. తరవాత ఆ సగం అప్‌డేట్ వెనక్కి తీస్తాను. కరెంటు పోలేదంటే ఆ ధైర్యం చెయ్యలేను." పెట్టె ముందరి మీట మీద ఎండిన చందనాన్ని గోటితో తాకి చూశాడు. "బుధవారం పూజ చేసినట్టుండారు. మా పక్కింటి మగ్గాల షెడ్డులో ఆయుధపూజకు మెయిన్ దించేవాళ్ళు. చిన్నప్పుడు బొరుగుల కోసం పోతా ఉంటిని. మీ ఇంట్లో దించరా?"

చెంగల్రాయలు బయట సందులోకి చూశారు. ఆటో ఒకటి వెనక్కి పోలేక, ముందుకు రాలేక మొరాయిస్తోంది. ధనమ్మ గుర్తొచ్చింది, ఒక్క పేరు తడబడకుండా. ఆమెను అడిగి రావడానికి ఇక బస్సు లేదు. ఇటు చూస్తే డెబ్భై ఒక్క ఏళ్ళలో ఎవరి ముందరా తప్పయిందని అనని నోరు.

"ఆపినాను," అన్నారు చివరకు. "నా చేత్తో నేనే ఆపినాను. పదకొండూ యాభైకి."

డానియల్ జారిన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఆపితే ఏమి? మా నాయన ఆపినాడు, వాళ్ళ నాయన నీళ్ళు తోడే కపిల ఎద్దుల్ని ఇప్పి కట్టేసినాడు. ఏడాదికి ఒక్క పూట మిషను నిద్రపోకూడదా? రాహుకాలం వస్తా ఉండాదని ఆ కంపెనీవాడికి తెలియాల్సిన పని లేదా? పండగ పూట, హారతి వేళ, అడగకుండా వచ్చింది వాడు. నేను కాదు."

"న్యాయమే," అన్నాడు డానియల్, పనిముట్టు చేతిలోకి తీసుకుంటూ. "వాడు రావాల్సింది కాదు. మీరు ఆపాల్సింది కాదు. ఆ మాట మొదటే చెప్పింటే ఈపాటికి సగం పని అయిపోయుండేది. స్టూలు లాక్కోండి."

డిస్కు ఊడివచ్చింది. డానియల్ దాన్ని తన మిషనుకు తగిలించాడు. చిన్న దీపం మినుకుమినుకుమంది. చెంగల్రాయలు స్టూలు మీదనుంచి లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. తెర మీద పేర్ల వరస వచ్చింది. డానియల్‌కు తెలుగు అక్షరాలు రావు.

"ఏది తెరిచేది?"

"ఆ మూడోది. మేల్పాడి."

అది తెరుచుకుంది. చెంగల్రాయలు తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగి, వేలు పెట్టి, ధనమ్మ పుట్టింటివాళ్ళను పైనుంచి కిందికి లెక్కపెట్టారు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టారు. తరవాత కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు, ఎంతసేపు తుడిచినా తడి పోలేదు.

"చదివి చూపించండి, పెద్దాయనా," అన్నాడు డానియల్. ఆయన చదివారు. అంగట్లో ఛార్జరు కొనడానికి వచ్చిన మనిషి కూడా నిలబడి విన్నాడు.

తరవాత డానియల్ పని చెప్పాడు. అంతా నకలు తీయాలి. సగంలో ఆగిన అప్‌డేట్‌ను వెనక్కి తీసి, డిస్కునంతా ఒకసారి పరీక్ష పెట్టాలి. ఆ అప్‌డేట్ మళ్ళీ ఎట్లాగూ వస్తుంది గనుక, కరెంటు పోయినా ఆగని బ్యాటరీ ఉన్న తన అంగట్లోనే దాన్ని నూరు శాతం దాకా నడిపించాలి. ఆదివారం అతనికి చర్చి, అంగడి తెరవడు. సోమవారం సాయంత్రానికి ఇస్తానన్నాడు. నకలును వేరే డిస్కులో వేసి ఆయన చేతికే ఇస్తాను, దాన్ని పెట్టె ఉన్న గదిలో పెట్టకూడదు అన్నాడు. చెంగల్రాయలు ఈసారి కాదనలేదు. కంపెనీవాడి మీద కోపం మాత్రం తగ్గలేదు, ఆ మాట కూడా చెప్పారు.

పెట్టెను వదిలి ఊరికి పోవడానికి ఒప్పుకోలేదు. వేలూరులోనే పినతండ్రి కొడుకు కన్నప్ప ఇల్లు ఉంది. రాత్రికి అక్కడ పడుకుంటాను, పగలు ఇదే స్టూలు అన్నారు. అంగడి ముందర నిలబడి ఇంటికి ఫోన్ చేశారు. సుబ్బమ్మ ఎత్తింది.

"అన్నీ ఉండాయి. ఒక్క ఇల్లు పోలేదు."

"సంతోషం. మెయిను ఆపింది నువ్వేనని చెప్పినావా?"

చెంగల్రాయలు ఫోను రెండో చెవికి మార్చుకున్నారు.

"చెప్పినాను. నీకు తెలుసు గదా, దినకర్ అడిగినప్పుడే నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే? మేల్పాడి బడికాణ్ణుంచి మొదలుపెడతావు. మోటారు వస్తుంది, మర రాళ్ళు వస్తాయి. పండగనాడు నాకు వంట ఉండె. అన్నం తిన్నావా?"

"తింటాను. ఈ కంపెనీవాడికి ఒక జాబు రాస్తాను చూడు. తెలుగులోనే రాస్తాను. చదివించుకోనీ ఎవరిచేతనన్నా."

"రాయి. ఎప్పుడొస్తావు?"

ఆయన చెప్పారు. సుబ్బమ్మ ఫోన్ పెట్టేసి, మర గది గోడకు వేలాడే రోజుకో కాగితం చింపే కేలండరు దగ్గరికి వెళ్ళింది. మూడు కాగితాలు పైకి ఎత్తి, ఆ కింది కాగితం మీద పెన్సిలుతో సున్నా చుట్టి, దాని పక్కన తనకు వచ్చిన అరవంలో రెండు ముక్కలు రాసుకుంది: పెట్టె, ఆయన. అక్టోబరు ఆరు, సోమవారం.