కుడిచేతి సీసా, ఎడమచేతి సీసా

ఆసుపత్రి కింది అంతస్తులో, చివరి గదిలో ఇరవై ఆరేళ్ళుగా రక్తం సీసాలతో కాపురం చేస్తున్న ఆవిడను అందరూ సీసాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది క్యాంటీన్ బాబాయి. తన టీని ఆవిడ వేడినీళ్ళు అన్నందుకు అలా కసి తీర్చుకున్నాడు. ఆ పోట్లాట నేటికీ తెగలేదు, ఆవిడ ఆ టీ తాగడమూ మానలేదు.

ఆవిడ పని పైకి ఏమంత గొప్పగా కనిపించదు. జ్వరం తగ్గని రోగికి రెండు చేతులనుంచీ రక్తం తీసి, చేతికొక సీసా చొప్పున పంపుతారు. ఆవిడ వాటిని వెచ్చటి యంత్రంలో పెడుతుంది. రక్తంలో సూక్ష్మజీవులుంటే సీసాలో పెరుగుతాయి, ఊపిరి వదులుతాయి. ఆ ఊపిరికి సీసా అడుగున బిళ్ళ రంగు మారి, యంత్రం మీద దీపం వెలుగుతుంది. కంటికి ఆననిదానికి ఊపిరేమిటి, ఆ ఊపిరికి దీపం వెలగడమేమిటి! దీపం వెలిగిన ప్రతిసారీ సీసాలమ్మ చేస్తున్న పని ఆపి, ఒక్క క్షణం అలా నిలబడిపోతుంది.

ఆ బాబాయే మంచాన పడ్డాడు. కిడ్నీలు మొరాయించాయి. మెడ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం వేసి డయాలసిస్ చేస్తున్నారు. పదోరోజు పళ్ళు టకటకలాడించే చలిజ్వరం వచ్చింది. రెండు సీసాలు కిందికొచ్చాయి, మర్నాడు రెండూ వెలిగాయి. తీరా చూస్తే, అందరి చర్మం మీదా ఉండే మామూలు సూక్ష్మజీవి.

చిక్కంతా అక్కడే. ఒక్క సీసాలోనే కనిపిస్తే, సూదితోపాటు చర్మం మీదినుంచి వచ్చిందేమో అనుకోవచ్చు. రెండు చేతుల సీసాల్లోనూ ఉంటే మాత్రం నెత్తుట్లో తిరుగుతున్నట్టే. అప్పుడు మెడలో గొట్టం తీసెయ్యాలి. తీస్తే డయాలసిస్ ఆగిపోతుంది. ఉంచితే ఆ గొట్టమే ప్రాణం మీదికి తెస్తుంది.

డాక్టరుకు ఫోను చేయబోతూ సీసాల మీది చీటీలు చూసింది. కుడిచెయ్యి, తొమ్మిదీ పది. ఎడమచెయ్యి, తొమ్మిదీ పది. ఒళ్ళు మండిపోయింది. గబగబా మెట్లెక్కి వార్డుకు వెళ్ళి, రక్తం తీసిన నర్సును పట్టుకుంది.

“రెండు చేతులకీ ఒకే నిమిషంలో ఎలా గుచ్చావే తల్లీ?”

నర్సు తల దించుకుంది. “ఒక్క చేతినుంచే తీశానక్కా. బాబాయి చేతులు చూశావుగా, గుచ్చీ గుచ్చీ కమిలిపోయాయి. మళ్ళీ గుచ్చడానికి మనసొప్పలేదు.”

“నీ జాలి పాడుగాను! రెండు సీసాలొచ్చాయి కానీ సాక్ష్యం ఒక్కటేనే!”

డాక్టరు వచ్చి, వెంటనే మళ్ళీ రక్తం తీయమన్నాడు. అది తీయగానే మందు ఎక్కిస్తారు, గొట్టం సంగతి సీసాలు తేల్చాలి. ఈసారి సీసాలమ్మ పక్కనే నిలబడింది. కుడిచెయ్యి అయింది. నర్సు ఎడమచెయ్యి పట్టుకోగానే బాబాయి కళ్ళు తెరిచి సీసాలమ్మను చూశాడు.

“ఇంకా ఎంత తాగుతావే రాకాసీ? నా టీ పలచనన్నావు, నా రక్తమైనా చిక్కగా ఉందా?”

మాట పాతదే, గొంతులో పస లేదు.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చేసరికే కుడిచేతి సీసా వెలిగి ఉంది. ఎడమచేతిది వెలగలేదు. వెలగాలని కోరుకోవాలా, వద్దని కోరుకోవాలా? వెలిగితే డయాలసిస్ ఆగుతుంది, వెలగకపోతే జ్వరం ఎక్కడిదో తెలియదు; ఏది కోరినా బాబాయికి గండమే. కుర్చీ యంత్రం ముందుకు లాక్కుని కూర్చుంది. పదకొండింటికి రెండోదీ వెలిగింది. రెండింట్లోనూ అదే జీవి. మధ్యాహ్నానికల్లా గొట్టం తీసేశారు. ఆ తర్వాత రెండు రోజులు బాబాయి డయాలసిస్ లేకుండా ఎలా నెట్టుకొచ్చాడో పైవాడికే తెలియాలి. జ్వరం దిగాక కొత్తచోట కొత్త గొట్టం వేశారు. తర్వాత మళ్ళీ రెండు చేతులకూ గుచ్చి, రెండు సీసాలు పంపారు.

అయిదు రోజులు వెలగకపోతే రక్తం శుభ్రపడినట్టే. ఆ సీసాలు అయిదు రోజులూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. అయిదోరోజు బాబాయి చక్రాల కుర్చీలో లిఫ్టెక్కి తానే కిందికి దిగాడు.

“నన్ను మంచాన పడేసిన ఆ దొంగలెవరో చూపించవే.”

ఆవిడ, వెలిగిన సీసాలోని రక్తం పూసి ఉంచిన పాత గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన కన్ను ఆనించాడు. రంగువేసిన మరకలో ఊదారంగు చుక్కలు, ద్రాక్షగుత్తుల్లా గుంపులు గుంపులుగా.

“ఎంత అందంగా ఉన్నాయే!” అన్నాడు కన్ను తీయకుండానే, గుసగుసగా. “ఇవి ఎక్కడినుంచి వచ్చాయి?”

“ఎక్కడినుంచో ఎందుకొస్తాయి బాబాయ్, నీ ఒంటిమీదవే. చిన్నప్పటినుంచీ నీతోనే ఉన్నాయి. గొట్టం దారి దొరికింది, లోపలికెళ్ళాయి. సీసాలోకి వచ్చినప్పుడు పట్టుమని పదున్నాయో లేదో, తెల్లారేసరికి కోట్లయ్యాయి.”

ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరి చేతులో అన్నట్టు. తర్వాత కమిలిన ఆ రెండు చేతులూ ఆవిడ ముందుకు చాచాడు.

“ఆవేళ నోటికొచ్చినట్టు అన్నాను. ఇక అననులే. గుచ్చుకో.”

సీసాలమ్మ యంత్రంలోంచి రెండు సీసాలు తీసి, ఆ రెండు చేతుల్లోనూ పెట్టింది. అడుగున బిళ్ళల రంగు మారలేదు.

“అక్కర్లేదు బాబాయ్,” అంది.