ఊపిరి నింపిన హార్మోనియం

ఖరగ్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే తీతు సగం జీవితం చీకటి గదిలోనే గడిచింది. మందు నీళ్లలో నానిన ఫిల్ములోంచి పక్కటెముకలు వెన్నెల నిచ్చెనల్లా తేలి వస్తుంటే, ప్రతి మనిషి లోపలా ఎవరూ దిగి చూడని ఒక చెరువు ఉన్నట్టు అతనికి తోచేది.

ఎనభై ఏడులో కలకత్తా డాక్టరు ఒకాయన వచ్చాడు. ఇనుము పోతపోసే ఫౌండ్రీల దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తోందో నాలుగు ఊళ్లలో పరిశోధన. ఊరికీ ఊరికీ పోల్చాలంటే ఫిల్ములన్నీ ఒకే తీరున ఉండాలి. అదే దూరం, అదే నిలబడడం, నిండా పీల్చి ఆపిన ఊపిరి. సగం ఊపిరితో తీస్తే శుభ్రమైన ఛాతీ కూడా దుమ్ము పట్టినట్టే కనిపిస్తుంది.

తీతు పంపిన మొదటి ఫిల్ముల కట్ట తిరిగొచ్చింది.

"ఒక్కరూ ఊపిరి ఆపలేదు, తీతు దాదా. మళ్లీ ఇలాగే ఉంటే పరిశోధనలోంచి ఖరగ్‌పూర్‌ని వదిలేస్తాను," అన్నాడు డాక్టరు.

తీతు తమ్ముడు సమూయేలు ఊళ్లోని రైల్వే ఫౌండ్రీలోనే పనిచేస్తూ దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఎవరి లెక్కలోకీ రాకుండా పోవడం తీతుకి మింగుడుపడలేదు.

తప్పు యంత్రానిది కాదు, మర్యాదది. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని తెలుగు జనం చెప్పిన మాటకి బదులివ్వకుండా ఉండలేరు.

"గాలి పీల్చి ఆపు," అనేవాడు తీతు సీసపు తెర వెనక నుంచి.

"ఆపినాను అన్నా," అనేవాడు సమూయేలు. ఉన్న గాలంతా ఆ మాటతో బయటికి.

"మాటాడకురా."

"ఠీక్ హై, మాటాడను."

"మరిప్పుడేటి సేసినావు?"

"నువ్వడిగితే సెప్పినాను గదా."

చేత్తో సైగ చేద్దామంటే మనిషి మొహం ఫిల్ము ప్లేటు వైపు, వీపు తీతు వైపు. చివరికి చర్చిలో పాటలు నేర్పే ఎలీసమ్మ పిన్ని దగ్గర మొరపెట్టుకున్నాడు.

"నా హార్మోనియం మోగితే ఎవడు మాటాడతాడో సూస్తాను," అని ఆవిడ పెట్టెతో సహా రిక్షా ఎక్కి వచ్చింది.

తెర వెనక కూర్చుని అందరికీ వచ్చిన చర్చి పాట ఎత్తుగడ వాయించేది. అది ముగిసి, పాట అందుకోబోయే ముందు, ప్రతి ఛాతీ తెరచాపలా నిండేది. తీతు అప్పుడు మీట నొక్కేవాడు. ఆ తర్వాత మాత్రం ఎవరినీ ఆపడం అతని తరం కాలేదు. సమూయేలు చొక్కా లేకుండానే చరణం దాకా పాడేవాడు. వరండాలో వరుస కట్టినవాళ్లు అందుకునేవాళ్లు. కాలికి కట్టు మార్పించుకోవడానికొచ్చిన బెంగాలీ దాదా బల్ల మీద తాళం వేసేవాడు.

డాక్టరు స్వయంగా వచ్చి ఫిల్ములన్నీ కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. ఊపిరితిత్తులన్నీ ఒకే ఎత్తున, ఒకే ఆకాశం కింద నిద్రపోతున్నట్టున్నాయి.

"ఇవి పనికొస్తాయి. మిగతా ఊళ్లలోనూ ఇలాగే తీయాలి. దూరం ఎంత?"

"ఆరడుగులు సార్."

"ఊపిరి ఎలా ఆపించావు?"

తీతు తెర వైపు చెయ్యి చూపాడు. తెర వెనక నుంచి పిన్ని అందుకుంది.

"ఒకటిన్నర శ్రుతి అని రాసుకోండి బాబూ. హార్మోనియం మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాల."

డాక్టరు కలం మూత తీశాడు. ఆరడుగుల కింద అదే రాసుకున్నాడు.

సాయంత్రం ఖరగ్‌పూర్ ఛాతీలన్నీ, సమూయేలు దగ్గుతో సహా, డాక్టరు సంచిలో కలకత్తా లోకల్ ఎక్కాయి.