అమ్మకు ఎక్కడం వచ్చు, దిగడం రాదు

మా చిన్నప్పుడు... (నాకిప్పుడు ఇరవై మూడే, నవ్వకండి)... శనివారం పొద్దున్నే పులిహోర తాలింపు వాసన వచ్చిందంటే మంచుకొండకు వెళ్తున్నామని అర్థం.

మాది జర్మనీలోని ఆకెన్. ఊరు దాటి కాస్త దూరం వెళ్తే ఐఫెల్ కొండలు. అక్కడ ఒక చిన్న స్కీ వాలు ఉండేది. మంచు పడిన ఏడు తెరిచేవాళ్ళు, లేకపోతే లేదు. గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను అమ్మ హైట్సుంగ్ మీద, అంటే గదిని వెచ్చబెట్టే హీటరు మీద, పెట్టి కరిగించి, నా తలకు రాసి, రెండు జడలు వేసి, మంకీ క్యాప్ తొడిగి, దానిమీద హెల్మెట్ పెట్టేది... ఆ అవతారంలోనే నేను స్కీ నేర్చుకున్నాను.

నాన్న ఇంజినీరు. బరువు ఎటు వేయాలో కాగితం మీద బాణాలు గీసి మరీ చూపించేవాడు. తాను మాత్రం కారు దిగేవాడు కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

పైకి వెళ్ళడానికి ఒక లాగుడు లిఫ్టు ఉండేది. కదిలే తాడుకు కొయ్యలు వేలాడుతుంటాయి. ఇద్దరు పక్కపక్కన నిలబడి కొయ్యను నడుము కింద ఆనించుకుంటే, అది మంచుమీద లాక్కుంటూ తీసుకెళ్తుంది. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండా ఎక్కకూడదు. అందుకని కరీంనగర్‌లో పెరిగి, ఫ్రీజర్లో తప్ప మంచు ఎరగని మా అమ్మ నాకోసం స్కీలు కట్టుకుంది.

ఎక్కడం వచ్చింది. దిగడం ఎంతకీ రాలేదు. పైకి చేరగానే స్కీలు విప్పి, భుజాన వేసుకుని, చెట్ల వెంబడి నడుచుకుంటూ దిగేది. నేను జుయ్యిమని కిందికి వచ్చేసి ఎదురుచూసేదాన్ని. పొగమంచులోంచి ముందు అమ్మ ఎర్ర మఫ్లరు కనిపించేది, తర్వాత అమ్మ.

"అమ్మా, అలైనె పోత! ఒక్కదాన్నే పోత!" అని గోల చేసేదాన్ని.

"ఆగు బిడ్డా, వస్తున్న గద..." అనేది ఆయాసపడుతూ. మళ్ళీ ఇద్దరం పైకి.

ఆ ఎక్కడం ఇప్పటికీ కలలోకి వస్తుంది... రెండువైపులా తెల్లటి చెట్లు, సన్నగా మూలిగే తాడు. కొయ్య నా ఎత్తుకు సరిపోవాలని అమ్మ దారంతా మోకాళ్ళు వంచి నిలబడేది. ఆ కాసేపు లోకంలో మేమిద్దరమే ఉన్నట్టుండేది.

కొంచెం పెద్దయ్యాక ఒక్కదాన్నే ఎక్కొచ్చన్నారు. అయినా అమ్మ మానలేదు. నేనేమో వాలు అంచున ఉన్న దిబ్బ మీంచి ఎగరడం మొదలుపెట్టాను. తర్వాత ట్రాంపొలిన్... వేసవి క్యాంపుల్లో పెద్ద గాలిపరుపు మీదికి పల్టీలు... నేను గాల్లోకి లేచినప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకునేది.

పదమూడో ఏట క్యాంపులో ఒక కోచ్ నాన్నతో అన్నాడు, బవేరియా కొండల్లో ఆటల హాస్టల్ ఉంది, పంపండి, ఇక్కడే ఉంటే జాతీయ జట్టు మాట మర్చిపోవచ్చని.

"తలకిందులు తిరిగేటందుకు బిడ్డను హాస్టల్ల ఏస్తరా ఎవరన్న?" అంది అమ్మ. నాన్న "నీ ఇష్టం" అని తప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నాకు అన్నం సహించేది కాదు. అడగాలంటే భయం... వద్దంటుందేమోనని.

ఒక శనివారం మళ్ళీ ఐఫెల్ వెళ్ళాం. లిఫ్టు దగ్గర నా వంతు వచ్చింది. పక్కకు జరిగి చోటిచ్చాను. అమ్మ కదల్లేదు.

"ఇయ్యాల నువ్వొక్కదానివే పో బిడ్డా. నేనీడ్నే నిలవడి చూస్త."

వెళ్ళాను. పక్కన ఎవరూ లేక కొయ్య ఒకవైపుకు ఒరిగిపోతోంది. పైకి చేరి వెనక్కి తిరిగితే అమ్మ కింద వేలెడంత కనబడింది. అప్పుడర్థమైంది, నన్ను హాస్టల్‌కు పంపిస్తోందని. ఎంత కోరుకున్నానో, అంత ఏడుపొచ్చింది. దిబ్బ మీంచి ఎగిరి ఒక చుట్టు తిరిగి దిగాను. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

ఈ చలికాలం జర్మనీ జట్టు జాకెట్ వేసుకుని మొదటిసారి ప్రపంచస్థాయి స్కీ పల్టీల పోటీలో ఫైనల్ దాకా వచ్చాను. ఇప్పుడు పైకి వెళ్ళడానికి అద్దాల క్యాబిన్లు, మెత్తటి సీట్లు... ఎవరి ఫోను వాళ్ళది. ఐఫెల్‌లో మంచే సరిగా పడడం లేదు. మా లిఫ్టు విప్పేశారు. జనవరిలో కూడా ఆ వాలు మీద గడ్డి పచ్చగా ఉంటోంది.

గాల్లో తలకిందులుగా ఉన్నప్పుడు భయం వేయదా అని అందరూ అడుగుతారు. వేయదు. పైకి ఒక్కదాన్నే వెళ్ళడమే... ఇంకా అలవాటు కాలేదు.

మిమ్మల్ని పైదాకా తీసుకెళ్ళి, తాము నడిచి దిగినవాళ్ళు మీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... కామెంట్లన్నీ అమ్మ చదువుతుంది.