మా ఇంట్లో జరగని పంపకాలు

మొన్న పొద్దున మా కోడలు వసారాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరితోనో ఫోనులో తెగ వాదిస్తోంది. వెబ్‌సైటులో ఏ ముక్కని ఏ ముక్క నుంచి విడదీయాలన్నది తగువు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చెవులు మాత్రం అటే అప్పగించాను. మన వయసు వాళ్ళకి ఇంతకంటే కాలక్షేపం ఏముంది చెప్పండి! వింటూ వింటూ నాలో నేనే నవ్వుకున్నాను, ఎందుకంటే ఇదే తగువు ఒకప్పుడు మా ఇంట్లో పెద్ద రభసే తెచ్చిపెట్టింది.

ఇంటర్‌నెట్ కొత్తగా వచ్చిన రోజులవి. బోగోలులో మా ముందుగదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని మా అన్నా నేనూ రొయ్యల గుంటల రైతుల కోసం వెబ్‌సైటు కట్టడం మొదలుపెట్టినాము. రొయ్య పిల్ల ఎక్కడ దొరుకుతుంది, మేత ఏది మంచిది, ఈరోజు ధరెంత, ఇవన్నీ ఒకచోట చెప్పాలని మా ఉబలాటం. అంతా ఒకే ఫైలులో చాంతాడంత రాసుకుంటూ పోయినామేమో, ఒకచోట చెయ్యి పెడితే ఇంకోచోట ఊడేది. ఇట్లా కాదు, ముక్కలు చేసుకుందామన్నాడు అన్న. సరే, కానీ ఎట్లా? పేజీకొక ముక్క అని అన్న. నాకది మింగుడు పడలేదు. ధర చూపించే డబ్బా అన్ని పేజీల్లోనూ ఉంది కదా, ఒకచోట మార్చి మిగతా చోట్ల మరిచిపోతే పాత ధర చూసి ఏ రైతో నిండా మునగడా? అందుకని ధరని విడిగా ఒకే ముక్క చేసి ఇద్దరం వాడుకుందామని నేను. పొద్దున మొదలుపెడితే అన్నం చల్లారిపోయేదాకా ఇదే గోల. దేన్ని విడగొట్టాలి, దేన్ని కలిపి ఉంచాలి అని ఆలోచించేకొద్దీ ఎంత వింతగా ఉండేదో, ఆకలి కూడా తెలిసేది కాదు.

గోడవతల వంటింట్లో మా అమ్మకి వినిపించింది మాత్రం వేరు. ఇది నీ భాగం, అది నా భాగం, ఇదొక్కటీ ఉమ్మడిగా ఉంచుదాం, నా దాంట్లో నువ్వు వేలు పెట్టబాక! పాపం, కొడుకులిద్దరూ వేరు పడుతున్నారనుకుని, మాతో ఒక్క మాటైనా అనకుండా మనుబోలులో ఉన్న మా మేనమామకి కబురు పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో పంపకాలు తీర్చే పెద్దమనిషి ఆయన. నాట్లు వదిలిపెట్టి బస్సెక్కి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, ఏం తక్కువైందిరా మీకు అని మా మీద విరుచుకుపడినాడు. మేం బిక్కమొహాలు వేసినాము. సంగతి తెలిసినాక ఆయన నవ్విన నవ్వుకి ఇల్లంతా అదిరింది. చేపల పులుసుతో అన్నం తిని, కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుని, అదేంది ఇదేంది అని అడగడం మొదలుపెట్టినాడు. “పెద్దోడి ముక్క చెడిపోతే చిన్నోడి ముక్క నడస్తాదా?” అన్నాడు. నడుస్తుంది మామా, అందుకేగా విడగొట్టేది, ఒకదాని దెబ్బ ఇంకోదానికి తగలనే తగలదు అని మేం గొప్పగా చెప్పినాము. అయితే మంచి పంపకమే అన్నాడు.

గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటూ నిలబడిన అమ్మకి మాత్రం ఈ మాట నచ్చలేదు. “ఒకడిది చెడితే రెండోవాడికి తెలియనే తెలియదా? అదేం మంచిరా నాయనా!” అంది. కంప్యూటరు సంగతి ఆమెకేం తెలుసులే అని మేం ముగ్గురం నవ్వేసినాము.

ఆ వెబ్‌సైటు కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత అన్న చెన్నై వెళ్ళి సొంతంగా కంపెనీ పెట్టుకున్నాడు, నేను నెల్లూరులో నా పని నేను చూసుకున్నాను. మాటా మాటా అనుకున్నది లేదు. అడ్డం పడేదానికి అప్పటికి అమ్మా లేదు, మామా లేడు. మన చిన్నతనంలో అన్నదమ్ములు వేరు పడాలంటే ఎన్ని అరుపులు, ఎన్ని ఏడుపులు, ఎన్ని అలకలు! ఇప్పుడు చడీచప్పుడూ లేకుండా ఎవరి మానాన వాళ్ళం అయిపోతున్నాం. పోయిన ఏడు అన్నకి గుండె ఆపరేషన్ అయిందట. ఆయన ఇంటికి తిరిగొచ్చిన చాలా రోజులకి, చుట్టాల పెళ్ళిలో ఎవరో చెబితే తెలిసింది నాకు. ఆ రోజులన్నిట్లో నా పని ఒక్క పూటైనా ఆగలేదు.