ఆటలమ్మ మచ్చలు

యాభై దాటాక అక్షరాలు దిద్దాను కనుక, ఈ సంగతి ఇన్నాళ్లకు రాయగలుగుతున్నాను.

కంప్యూటర్ కోర్సుల కోసం పిల్లలు అమీర్‌పేటకు విరగబడి వస్తున్న రోజులవి. అక్కడొక లేడీస్ హాస్టల్లో నేను వంట చేసేదాన్ని. ఒక పిల్లకు ఆటలమ్మ పోసింది. గదిలోని తోటి పిల్లలు వేరే గదికి మారిపోయారు. నేనూ భయపడి, అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేశాను. సాయంత్రానికీ అది అలాగే ఉంది.

ఆ రోజు బస్సులో నా పక్కన ఒక నర్సు కూర్చుంది. మనసాగక ఆమెతో చెప్పాను. ఆమె నా నుదుటి మీది మచ్చలు చూసింది. అలవాటుగా కొంగు ముందుకు లాక్కున్నాను.

"గవి దాస్తవేందక్కా? నీకు సుత ఆటలమ్మ పోసిందా?"

"ఏడేళ్లప్పుడు పోసిందమ్మా."

"మరి ఫికరెందుకు? గప్పుడే నీ ఒళ్లు దాంతోని కొట్లాడి గెలిచింది. దాని మొఖం యాదుంచుకుంటది. మళ్లొస్తే గడపలనే పట్టుకుంటది. గా గదిలకు నువ్వు గాక ఇంకెవరు పోతరు?"

పంజాగుట్టలో ఆమె దిగిపోయింది.

మర్నాడు పొద్దున జుట్టు వెనక్కి దువ్వి ముడేసుకున్నాను. పెరుగన్నం కలిపి, వరండాలో పిల్లలంతా చూస్తుండగా ఆ గదిలోకి వెళ్లి, మంచం మీద కూర్చుని ఆ పిల్లకు ముద్దలు పెట్టాను.