ఇరాక్ నుంచి వచ్చిన పాలపన్ను

ఏండ్ల కింద ఆర్మూర్ బస్టాండుల కూర్చొని పరీక్షకు చదువుకుంటున్న. మొదటి ప్రపంచ యుద్ధానికి సిపాయిలను పంపిన అమెరికా, అగ్రరాజ్యంగా ఎట్ల ఎదిగిందన్న పాఠం అది. పక్కనున్న పెద్దాయన పుస్తకంలకు తొంగిచూసి, పసుపంటిన రుమాలు విప్పిండు. అందుల ఒక పాలపన్ను ఉంది.

"ఇరాక్‌ల అమెరికా సిపాయిల బట్టలు ఉతికేటోన్ని బిడ్డా. గిది ఒకాయన జేబుల దొరికింది, ఆయన పిల్లలదేమో. ఇద్దామని దాచిన. ఆయన మళ్ల రాలే. మనమైతే ఇంటి మీదికి ఇసురుతం. వాళ్లేం చేస్తరో నీ పుస్తకంల ఉన్నదా?"

లేదన్న.

కమ్మర్‌పల్లి బస్సు రాంగనే రుమాలు ముడేసుకొని లేచిపోయిండు.

మొన్న మా పాపకు మొదటి పన్ను ఊడింది. ఇంటి మీదికి విసరమని నా చేతుల పెట్టింది. గుప్పిట ఎంతకూ తెరుచుకోలేదు.