సున్నం తాత చెరపని బొమ్మ

ఆఁ, ఎక్కడ ఆపాను? సున్నం తాత దగ్గర కదూ! నిన్న మధ్యలో కుక్కర్ కూత పెట్టేసరికి లేచి వెళ్లిపోయాను. మళ్లీ మొదటినుంచే చెబుతాను. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన నోరు, సగంలో అందుకోవడం దానికి చేతకాదు.

ఆయనది కోటలో పూతపని. గోడలమీద జనం మేకులతో, తాళంచెవులతో గీకిపోయిన పేర్లు, బాణం గుచ్చిన గుండెకాయలు, ఫోన్ నంబర్లు అన్నీ సున్నంతో పూడ్చాలి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఎంతమంది ప్రేమల్ని చెరిపేశాడో! ఒక్క బొమ్మను మాత్రం చెరపలేదు. మెట్ల పక్క గోడమీద, మోకాలెత్తున, ఆయన కూతురు గీసింది. గుండ్రటి తల, పుల్లల్లాంటి కాళ్లు, చేతిలో మనిషంత బకెట్టు. అంటే నాన్నన్నమాట. బడి లేని రోజున వెంట తీసుకొస్తే, ఆయన అటు తిరిగినప్పుడు మేకుతో గీసేసింది. వీపుమీద ఒక్కటిచ్చి, "పూడ్చేది నేను, పాడుచేసేది నువ్వూనా!" అన్నాడట. రేపు పూడ్చుదాంలే అనుకున్నాడు. తెల్లారేసరికి పిల్లకి జ్వరం. ఐదోరోజుకి పిల్ల లేదు. ఏడేళ్లది.

పదకొండేళ్లుగా ఆ బొమ్మ అలాగే ఉంది. అటువైపు పని పడినా, పైఅధికారి తనిఖీకొచ్చినా, దానికి అడ్డంగా బకెట్టు పెట్టేసేవాడు.

దాన్ని చెరిపింది మా మనవరాళ్లు. చెరపమన్నది నేను.

సెలవులు కదా అని అమ్మాయి, అల్లుడు, పిల్లలు, మా వారు, నేను బయల్దేరాం. పెద్దదానికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. పొద్దున రాణిగారి భవనం, మధ్యాహ్నం కోట. భవనంలో అంతమంది మధ్య చిన్నది, "అమ్మమ్మా, రాణిగారు ఒకటికి ఎక్కడికెళ్లేది?" అని గట్టిగా అడిగింది. "గైడునడుగు" అన్నారు మా వారు. అది నిజంగానే వెళ్లి అడిగింది.

కోటకొచ్చేసరికి అమ్మాయీ అల్లుడూ బురుజెక్కారు, మా వారు నీడ చూసుకుని కూలబడ్డారు. పిల్లలు నా మెడకి చుట్టుకున్నారు. అప్పుడు కనిపించాడాయన, గోడ పక్కన కూర్చుని పని చేసుకుంటూ. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమయ్యా, ఎవరో ప్రేమికుల్ని విడదీస్తున్నట్టున్నావే!"

"నేను విడదీసేదేముందమ్మా? నేను పూడ్చేలోపే వాళ్లే విడిపోయుంటారు" అని నవ్వాడు.

"తాతా, మాకూ నేర్పవా?" అంది చిన్నది.

నేర్పాడు. ఎంత ఓపికగా! ముందు గీత అంచులు రేకుముక్కతో గీకెయ్యాలి, పొడి ఊదాలి, తడిగుడ్డ అద్దాలి, అప్పుడు సున్నం నొక్కి నునుపు చెయ్యాలి. "గీకకుండా పెట్టావనుకో, నాలుగురోజుల్లో ఊడిపోతుంది పాపా." పిల్లలు రెండు పేర్లు, ఒక గుండెకాయ పూడ్చారు. నాలో టీచరు లేచి కూర్చుంది.

సున్నం చిక్కబడిందని ఆయన నీళ్లకోసం బకెట్టు తీసుకుని వెళ్లాడు. అది లేచేసరికి వెనకున్న బొమ్మ బయటపడింది.

"అమ్మమ్మా, తాత ఇది మర్చిపోయాడు!" అంది పెద్దది.

"అయితే ఆయనొచ్చేలోపు పూడ్చెయ్యండి. గబగబా!" అన్నాను. నేనే అన్నాను. పైగా, "అదేం గీకడమే? ఇదిగో, ఇక్కడ కాలు మిగిలిపోయింది" అని వంకలు కూడా పెట్టాను.

ఆయన బకెట్టుతో వచ్చి ఆగిపోయాడు.

"తాతా, సర్‌ప్రైజ్!" అని చిన్నది గంతులేసింది.

బకెట్టు పట్టుకునే గోడ దగ్గరికి వచ్చాడు. తర్వాత వంగి, తడి సున్నంమీద బొటనవేలు ఆనించి, తీసేశాడు.

"బాగుందా?" అంది పెద్దది.

"బాగుందమ్మా. నాకన్నా నునుపుగా చేశారు." చిన్నదాని బుగ్గకంటిన సున్నం తుడిచాడు. "చేతులు కడుక్కోండి. కళ్లలో పడితే మంట."

ఆయన కళ్లలో నీళ్లు చూసి, "అయ్యో, నీకే పడిందా ఏంటి?" అన్నాను. నా తెలివి చూశారా!

మేం తిరిగొస్తుంటే గేటు దగ్గర టిక్కెట్లిచ్చే ఆవిడ, పిల్లల బట్టలకంటిన సున్నం చూసి ఆపింది, ఆవిడ ఆయన అక్కట. "తమ్ముడు పని సగంలో వదిలేసి ఇంటికి పోయాడమ్మా. ఎప్పుడూ ఇలా పోలేదు. లోపల ఏమన్నా గొడవైందా?" అంది. గొడవా? మా పిల్లల పనితనం గురించి గొప్పలు మొదలుపెట్టాను.

"ఏ గోడ? మెట్ల పక్కదా?"

"అవును, బకెట్టు వెనకాల..."

ఆవిడ చేతిలోని టిక్కెట్ల కట్ట కింద పెట్టేసింది. ఇందాక మీకు చెప్పిందంతా అప్పుడు నాకు చెప్పింది.

"సున్నం ఇంకా తడిగానే ఉంటుంది, తీసేస్తే..." అన్నాను.

"అంచులు గీకించారు కదమ్మా. ఇంకేం మిగులుతుంది?" కోపంగా కూడా అనలేదు. "పాప ఫోటో ఇంట్లో ఉంది. పాప చేత్తో చేసింది అదొక్కటే."

అడగ్గానే తమ్ముడి నంబరు రాసిచ్చింది.

ఇంటికొచ్చి నాలుగురోజులైంది. పిల్లలకి చెప్పొద్దని అమ్మాయి ఒట్టు పెట్టించుకుంది. పెద్దదేమో, "తాతకి ఫోన్ చేసి, మా సున్నం బాగా ఆరిందా అని అడుగు" అని ప్రాణం తీస్తోంది. "ఏం చెబుతావు? పుండు కెలకడం కాకపోతే!" అంటారు మా వారు. ఆయనన్నదీ నిజమే. కానీ చేసిన తప్పు లేచి నిలబడి చెప్పమని ఎంతమంది పిల్లల్ని వణికించానో నాకు తెలుసు కదా. రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను.

ఒంటిగంటకి సున్నం తాత భోజనానికి కూర్చుంటాడట, వాళ్లక్క చెప్పింది. తినే మనిషిని లేపను. ఒకటిన్నరకి చేస్తాను. పిల్లలు తెలియక చేశారని వాళ్లమీదకి తొయ్యను. చెరిపించింది నేనని చెబుతాను, ఆపైన ఆయన ఏమన్నా వింటాను.